ఒకే మాట, పలు భాషలు: పుట్టుకా అర్థమూ విడివిడిగా తేల్చుకోవడం ఎలా

తెలుగులో ‘అవసరం’ అంటే కావలసి ఉండటం. అదే మాట కన్నడంలో, తమిళంలో తొందర. హిందీలో, మరాఠీలో, మలయాళంలో అదను, మంచి తరుణం. బెంగాలీలో తీరిక, ఉద్యోగ విరమణ. సింహళంలో అనుమతి. ఇవన్నీ ఒక్క సంస్కృత శబ్దం నుంచే వచ్చాయి, ఏ ఒక్కటీ తప్పు కాదు. ఇలాంటి మాట ఎదురైతే ‘దీని అసలు అర్థం ఏది?’ అని అడగడంతోనే చాలామంది దారి తప్పుతారు. అడగాల్సినవి రెండు వేర్వేరు ప్రశ్నలు: మాట ఎక్కడిది? అర్థం ఎక్కడ మళ్లింది? మొదటిదానికి సాక్ష్యం చెప్పేవి ధ్వనులు, రెండోదానికి వాక్యాలు. అర్థం కలిసింది కదా అని పుట్టుక తేల్చేసినా, పుట్టుక తెలిసింది కదా అని నేటి అర్థాన్ని శాసించినా మిగిలేది కట్టుకథే.

ముందు పట్టిక గీయండి

ఒక్కో భాషకు ఒక్కో వరుస. గళ్లు ఆరు: భాష, ఆ భాష లిపిలో మాట, పలికే తీరు, నేటి వాడుక అర్థం, నిఘంటువులో కనిపించే పాత అర్థం, ఎక్కడ చూశారు. ఆరో గడి విసుగనిపిస్తుంది గానీ, వారం తర్వాత రెండు వరుసలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఆదుకునేది అదే.

మాటను దాని సొంత లిపిలో రాయడం మానకండి. తమిళ లిపిలో క, గ ధ్వనులకు ఒకే అక్షరం. అక్కడ అవసరాన్ని ‘అవచరం’ అన్నట్టు రాసి ‘అవసరం’ అని పలుకుతారు. బెంగాలీలో వ, బ కలిసిపోయాయి, స పలుకు శ వైపు జరిగింది, కాబట్టి చెవికి ‘ఒబొశొర్’ అని వినిపిస్తుంది. చెవితో పోల్చితే పరాయిదనిపించే మాట, రాతలో చూస్తే చుట్టం అవుతుంది.

తెలుగు మాటకైతే చివర ప్రత్యయంగా చేరిన ము, వు, డు తీసేసి మిగిలినదాన్ని పట్టికలో పెట్టండి. పాత నిఘంటువుల రాత కూడా చూడాలి. ‘ఏడు’ అనే మాట సంఖ్యా అవుతుంది, సంవత్సరమూ అవుతుంది. ఇప్పటి రాతలో రెండూ ఒకటే. పాత రాతలో సంవత్సరం ‘ఏఁడు’, మధ్యలో అరసున్న ఉంది. అరసున్న అంటే అక్కడ ఒకప్పుడు అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) ఉండేదని గుర్తు. తమిళంలో సంవత్సరం ‘ఆండు’, ఆ అనునాసికం అక్కడ ఇంకా బతికే ఉంది. సంఖ్య ఏడు తమిళంలో ‘ఏళు’, దానికి అనునాసికంతో పని లేదు. ఒక్క అరసున్నను పట్టించుకుంటే రెండు పుట్టుకలు విడిపోయాయి. బండి ఱ కూడా అంతే. ‘కరి’ తీసుకోండి: నలుపు అనే అర్థంలో అది ద్రావిడ మాట, ఏనుగు అనే అర్థంలో సంస్కృతం (కరం, అంటే తొండం, ఉన్నది). ఇంగ్లీషువాళ్ల ‘కర్రీ’కి మూలమైన తమిళ మాటలో ఉన్నది బండి ఱ, కాబట్టి అది ఈ రెంటిలో దేనిదీ కాదు. పట్టికలో ఇలాంటివి కలిసిపోతే ఆపైన చేసే పనంతా వృథా.

మాట ఎక్కడిది?

మన వ్యాకరణాల్లోని తత్సమం (సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చినది), తద్భవం (మారి వచ్చినది), దేశ్యం (ఇక్కడి మాట), అన్యదేశ్యం (ఇతర భాషలది) అనే విభజన మొదటి వడపోతకు ఇప్పటికీ సరిపోతుంది. ఒత్తక్షరాలు (ఖ, ఘ, ధ, భ లాంటివి), ఋ, శ, ష ఉంటే సంస్కృతమో, ఉర్దూ మీదుగా వచ్చిన పారసీక, అరబ్బీ మాటో అయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఈ గుర్తు ఒకవైపే పనిచేస్తుంది. ఒత్తులు లేనంత మాత్రాన దేశ్యం కాదు. నగరం, మనసు, అవసరం, వీటిలో ఒక్క ఒత్తూ లేదు, మూడూ సంస్కృతం నుంచి వచ్చినవే.

నమ్మదగిన గుర్తు వేరే ఉంది. మాట ఏ భాషలో ముక్కలుగా విడిపోయి, ప్రతి ముక్కకూ అర్థం ఇస్తుందో ఆ భాషదే అయ్యే అవకాశం ఎక్కువ. ‘అవసరం’ సంస్కృతంలో అవ అనే ఉపసర్గగా, కదలడం అనే అర్థం ఉన్న సృ ధాతువుగా విడిపోతుంది. తెలుగులో విడదీయడానికి ఏమీ లేదు. ఇంగ్లీషు ‘బాండికూట్’ను ఇంగ్లీషులో ఎంత విరిచినా ఏమీ రాదు. తెలుగులో ‘పందికొక్కు’ పందీ కొక్కూగా చక్కగా విడిపోతుంది. అంటే మాట ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది. వెళ్లి అక్కడా ఆగలేదు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లు ఎలుకజాతితో ఏ సంబంధమూ లేని, కడుపుసంచిలో పిల్లల్ని పెంచే ఒక జంతువుకు ఆ పేరు పెట్టేశారు.

ముక్కలు చేయడంలోనూ ప్రమాదం ఉంది. ముక్కలకు అర్థం ఉండటమే కాదు, ఆ అర్థాలు కలిస్తే వస్తువుకు సరిపోవాలి. బట్టల ‘ఇస్త్రీ’లో స్త్రీని వెతికేవాళ్లు చేసే పొరపాటు ఇదే. అది పోర్చుగీసులో సాగదీయడం అనే అర్థం ఉన్న ‘ఎస్తిరార్’ నుంచి వచ్చింది. వినడానికి ముచ్చటగా, ఒక కథతో సహా వచ్చే వ్యుత్పత్తిని ముందుగా అనుమానించండి.

రెండు ద్రావిడ భాషల మాటలు తోబుట్టువులా, ఒకదాన్నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నవా అని తేల్చాలంటే ధ్వనుల పొంతన చూడాలి. తెలుగు పది, పాలు, పులి తమిళంలో పత్తు, పాల్, పులి. కన్నడంలో హత్తు, హాలు, హులి. మాట మొదటి ప కన్నడంలో హ అయింది. దాదాపు పదో శతాబ్దం నుంచి జరిగిన మార్పు ఇది, అంతకుముందటి కన్నడంలో ప ఉండేది. తెలుగు చెవి, చేయి కన్నడంలో కివి, కై. తమిళంలో చెవి, కై. తమిళం ఒకచోట మారి ఒకచోట ఆగిందంటే అది తప్పు కాదు, పక్కన ఉన్న అచ్చుని బట్టి వచ్చిన తేడా. తెలుగుకు ఇంకో చిత్రమైన అలవాటు ఉంది, మొదటి అచ్చును వెనక్కి నెట్టడం. తమిళ ఇరండు, కన్నడ ఎరడు మన దగ్గర రెండు. తమిళ అవర్ మన దగ్గర వారు. తమిళ ఉళ్ మన దగ్గర లో.

ఈ పొంతనకు ఒక జత చాలదు. అదే మార్పు కనీసం మూడు నాలుగు మాటల్లో కనిపిస్తేనే దాన్ని సూత్రంగా వాడండి. ఎందుకో చూడండి: తెలుగులో నీరు, నేటి గ్రీకులో ‘నెరొ’. ధ్వనీ దగ్గరే, అర్థమూ ఒకటే. ఈ జతను చూపి గ్రీకుకూ తెలుగుకూ చుట్టరికం కలిపేవాళ్లు తరచూ తగులుతారు. గ్రీకు మాట మొదట్లో ‘తాజా’ అనే విశేషణం. ‘తాజా నీళ్లు’ అనే పదబంధంలో నీళ్లకున్న పాత గ్రీకు పేరు రాలిపోయి తాజా అన్నదే నీళ్లయింది. ప్రాచీన గ్రీకులో నీళ్లకు ‘హ్యుదోర్’ అనేవారు, అందులో నీరు జాడే లేదు. మన ‘నీరు’ తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఉన్న పాత ద్రావిడ మాట. సంస్కృతంలోని ‘నీర’ కూడా ద్రావిడం నుంచి వెళ్లిందనేదే ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కాబట్టి కలిసిన జతను రెండు వైపులా వీలైనంత పాత రూపానికి తీసుకెళ్లి అక్కడ పోల్చండి. వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరైతే చుట్టరికం, దూరమైతే యాదృచ్ఛికం. అమ్మ, అప్ప లాంటి పసిపిల్లల మాటలనూ ధ్వన్యనుకరణలనూ అసలు పోలికలోకి తీసుకోకండి. ప్రపంచంలో ఎక్కడైనా అవి ఒకేలా పుడతాయి.

అర్థం మళ్లిన చోటు

పనిలో రుచి ఉన్న భాగం ఇదే, ఎక్కువ ఓపిక కోరేదీ ఇదే. ఒక అర్థం పోయి ఇంకొకటి ఒక్కసారిగా రాదు. రెండు అర్థాలూ సరిపోయే వాక్యాలు కొంతకాలం నడుస్తాయి. ఆ వాక్యాన్ని పట్టుకోవడమే మీ పని.

తెలుగులో ‘అవసరానికి ఆదుకున్నాడు’ అనే వాక్యం చూడండి. ‘సరైన సమయానికి ఆదుకున్నాడు’ అని చదువుకోవచ్చు, ‘కావలసి వచ్చినప్పుడు ఆదుకున్నాడు’ అనీ చదువుకోవచ్చు. సంస్కృతంలో అవసరం అంటే తగిన సమయం, సందర్భం. ఇలాంటి వాక్యాలు పదే పదే వాడుతుంటే వినేవాడు సమయాన్ని వదిలి అక్కరను పట్టుకుంటాడు. తమిళ, కన్నడాల్లో అదే సమయం ‘ముంచుకొచ్చిన సమయం’ అయి తొందర దగ్గర ఆగింది. బెంగాలీలో ‘చేతిలో ఉన్న సమయం’ అయి తీరికగా, ఆ మీదట పదవీ విరమణగా మారింది. సింహళంలో ఒకరికి సమయం ఇవ్వడం అనుమతి ఇవ్వడమైంది. అన్నిటికీ కీలు ఒకటే: సమయం. హిందీ, మలయాళం ఆ కీలు పక్కనే నిలబడి ఉన్నాయి.

ప్రతి మళ్లింపునూ ఇలా ఒక వాక్యంలో రాసి చూడండి. మధ్య మెట్టు ఊహించడం కష్టమైతే రెండు కారణాలు ఉండొచ్చు: మధ్యలో ఇంకో భాష ఉంది, లేదా అవి రెండు వేర్వేరు మాటలు.

మీ భాషలోనే దాక్కున్న సాక్ష్యాన్ని వెతకడం మర్చిపోవద్దు. మూలపదం అర్థం మార్చుకున్నా దాని సంతానం చాలాసార్లు పాత అర్థాన్ని దాచుకుంటుంది. తెలుగులో శిక్ష అంటే దండన, హిందీలో చదువు. కానీ మన ‘శిక్షణ’లో చదువే ఉంది. విచారం మనకు దిగులు, హిందీకి ఆలోచన. మన ‘విచారణ’లో దిగులు లేదు, ఆరా ఉంది. అనుమానం మనకు సందేహం, అదే తర్కశాస్త్రం చదివే తెలుగువాడికి ఒక ప్రమాణం, అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చుకునే పద్ధతి. అవసరానికీ అలాంటి బిడ్డ ఒకటుంది, ‘అత్యవసరం’. తమిళులు ఉత్త అవసరంతో చెప్పే తొందరను మనం అతి చేర్చి చెబుతాం. మన అవసరంలోనూ తొందర కొంత ఉంది కాబట్టే బహుశా ఆ సమాసం కుదిరింది.

తర్వాత పక్కింటి మాటను చూడండి. ఒక మాట ఖాళీ చేసిన అర్థంలో ఇంకో మాట కాపురం పెడుతుంది. హిందీవాళ్లు, మలయాళీలు అవసరంతో చెప్పే అర్థానికి మనం వాడేది ‘అవకాశం’. వాళ్ల ‘అవసరవాది’ మన అవకాశవాది. సంస్కృతంలో అవకాశం అంటే చోటు, సందు. మలయాళంలో అది హక్కు, మానవ హక్కులను వాళ్లు ‘మనుష్యావకాశం’ అంటారు. హిందీలో సెలవు, విరామం. పాళీలో మాట మొదటి ‘అవ’ ఓకారంగా కుదించుకుపోయి ‘ఓకాస’ అయింది, థాయ్‌లో నేడు అవకాశాన్ని చెప్పే ‘ఓకాత్’ అదే. బెంగాలీలో ‘అవసరప్రాప్త’ అన్నా, హిందీలో ‘అవకాశప్రాప్త’ అన్నా పదవీ విరమణ చేసినవాడే. మన కంటికి రెండోది ఉద్యోగం దొరికినవాడిలా కనిపిస్తుంది! పట్టికకు ఎప్పుడూ ఒక పక్క మాటను జత చేసి రెండిటినీ కలిపి నడపండి. ఒంటరిగా అర్థంకానివి జంటగా అర్థమవుతాయి.

ఇంకా గట్టి జంట కృషి, వ్యవసాయం. సంస్కృతంలో కృషి అంటే సేద్యం, వ్యవసాయం అంటే పట్టుదలతో చేసే ప్రయత్నం. తెలుగులో రెండూ ఇళ్లు మార్చుకున్నాయి. హిందీలో కృషి సేద్యంగానే ఉండిపోయింది, వ్యవసాయం వృత్తి, వ్యాపారం అయింది.

అర్థాలన్నీ వాటంతట అవే జారవు. కొన్నిటిని మనుషులు కావాలని అంటగడతారు. ‘ఉపన్యాసం’ అంటే సంస్కృతంలో ఎదుట ఉంచడం, ప్రస్తావించడం. అక్కడి నుంచి మన ప్రసంగం దాకా దారి సులువుగానే కనిపిస్తుంది. కానీ బెంగాలీ, హిందీల్లో ఉపన్యాసం అంటే నవల. ఈ మళ్లింపుకు వాక్యాల్లో వంతెన వెతికి లాభం లేదు. 19వ శతాబ్దంలో కొత్త సాహిత్య ప్రక్రియకు పేరు కావలసి వచ్చి బెంగాలీ రచయితలు ఈ మాటను దానికి పెట్టారు. సాహిత్యం, శాస్త్రం, పరిపాలన మాటల్లో ఒక అర్థం ఉన్నట్టుండి ఊడిపడితే ముందు ఇలాంటి నామకరణాన్ని అనుమానించండి.

దారి పట్టుకోవడం

అరువు మాటకు మూలం చెబితే సరిపోదు, దారి కూడా చెప్పాలి. అర్థం మారేది ఎక్కువగా దారి మధ్యలోనే.

‘ఫిరంగి’ ఇందుకు మంచి పాఠం. ఐరోపాలోని ఫ్రాంకులు అనే జాతి పేరు దీని మూలం. అరబ్బీలో ‘ఇఫ్రంజ్’, పారసీకంలో ‘ఫరంగ్’ అయి, పశ్చిమ ఐరోపావాళ్లందరికీ వర్తించింది. అక్కడి నుంచి చీలింది. హిందీలో ఫిరంగీ అంటే తెల్లవాడు. సింహళంలో ‘పరంగి’ అంటే పోర్చుగీసువాడు. థాయ్‌లో ‘ఫరంగ్’ తెల్లవాడు, జామపండు కూడా. తమిళంలో ‘పరంగిక్కాయ్’ గుమ్మడి. మరాఠీలో ఐరోపా అలుగుతో చేసిన కత్తి. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో ‘ఫిరంగ రోగం’ సిఫిలిస్. చైనాలో మింగ్ వంశపు కాలంలో ‘ఫొలాంగ్‌జీ’ పోర్చుగీసువాళ్లూ, వాళ్ల చిన్న ఫిరంగీ. తెలుగులో మనిషి పక్కకు తప్పుకొని ఆయుధమే ముందుకొచ్చింది.

ఇక్కడ ఒక నమూనా గమనించండి. ‘ఫలానావాళ్ల వస్తువు’ అనే రెండు మాటల్లో వస్తువు పేరు రాలిపోయి ఫలానావాళ్ల పేరే వస్తువుకు స్థిరపడుతుంది. ఊరు, దేశం, జాతి పేర్లున్న మాటలన్నిటినీ ముందు ఈ నమూనాతో పరీక్షించండి. అర్థాలు ఎంత విడ్డూరంగా కనిపించినా (జామపండు, కత్తి, రోగం) ఒక్క వరుసలో సర్దుకుంటాయి.

ఒకే మాట రెండు దారుల్లో రెండుసార్లు రావడమూ మామూలే. లాటిన్ ‘మగిస్తెర్’ పోర్చుగీసులో ‘మెస్త్రె’ అయి మన దగ్గరకు మేస్త్రీగా వచ్చింది, ఇంగ్లీషులో ‘మాస్టర్’ అయి మాస్టారుగా వచ్చింది. మాట కన్నా ముందు వచ్చింది ఎవరు, ఏ పనికి వచ్చారు అని చూస్తే అర్థం తేడా తేలిపోతుంది. ఎప్పుడు వచ్చిందనే దానికి గడువు కూడా దొరుకుతుంది: పోర్చుగీసు మాటలు 1498కి (వాస్కో డ గామా ఓడలు మన దేశానికి వచ్చిన ఏడు) ముందటి తెలుగులో ఉండే వీలు లేదు.

నిఘంటువులు, మనుషులు

తెలుగుకు బ్రౌన్ (1852), శబ్దరత్నాకరం (1885) ముందు చూడండి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా తెలుగు నిఘంటువులను ఒకేసారి వెతకొచ్చు. కన్నడానికి కిట్టెల్ (1894), మలయాళానికి గుండర్ట్ (1872), సంస్కృతానికి మోనియర్ విలియమ్స్ (1899), ఉర్దూ, హిందీలకు ప్లాట్స్ (1884). ద్రావిడ మూలాలకు బరో, ఎమెనోల వ్యుత్పత్తి నిఘంటువు. 1984 నాటి రెండో కూర్పే వాడండి, మొదటి కూర్పులో పద్దుల సంఖ్యలు వేరు. హిందీ, బెంగాలీ లాంటి ఇండో ఆర్య భాషలకు టర్నర్ నిఘంటువు. వీటిలో చాలావరకు చికాగో విశ్వవిద్యాలయం పెట్టిన దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల్లో ఉచితంగా దొరుకుతాయి.

వాడేటప్పుడు తెలియాల్సినవి కొన్ని. బరో, ఎమెనోల దాంట్లో సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు పద్దు ఉండదు, కాబట్టి అక్కడ ‘అవసరం’ కనిపించకపోవడమూ ఒక సాక్ష్యమే. మోనియర్ విలియమ్స్‌లో ఒక అర్థం పక్కన ‘ఎల్’ అనే అక్షరం ఉంటే అది కోశకారులు (పాత నిఘంటుకర్తలు) మాత్రమే చెప్పినది, గ్రంథాల్లో ప్రయోగం దొరకలేదని గుర్తు. అలాంటి అర్థం మీద వంతెన కట్టకండి. ఏ నిఘంటువులోనైనా 1, 2, 3 అంటూ ఇచ్చిన వరుస కాలక్రమం అనుకోకూడదు. ఇక యంత్రానువాదం ఈ పనికి పనికిరాదు. అది ఇంగ్లీషు మీదుగా వెళ్లి రావచ్చు. అప్పుడు మీరు వెతుకుతున్న తేడానే చెరిపేస్తుంది.

నేటి అర్థానికి నిఘంటువు కన్నా వాక్యాలు మేలు. ఆ భాష లిపిలోనే వెతికి, వార్తల నుంచి ఒక పదిహేను, మామూలు సంభాషణల నుంచి ఒక పదిహేను వాక్యాలు తీసి అర్థాల వారీగా సర్దండి. వార్తల్లో మాత్రమే కనిపించే అర్థం గ్రాంథికం కావచ్చు. ఆ భాష మాట్లాడేవాళ్లు దొరికితే ‘ఈ మాటకు అర్థం ఏమిటి?’ అని అడగకండి, బళ్లో నేర్చుకున్న జవాబు వస్తుంది. వాక్యం చెప్పి మాట దగ్గర ఖాళీ వదిలి, అక్కడ ఏం వాడతారని అడగండి. తర్వాత మాట చెప్పి రెండు వాక్యాలు చేయమనండి. చివరగా, దీనికి వ్యతిరేకపదం ఏమిటని అడగండి. కన్నడిగుడు అవసరానికి ఎదురుగా నిదానాన్ని పెడతాడు, బెంగాలీ పనిని పెడతాడు. అర్థం ఎటు మళ్లిందో ఆ ఎదురు మాటే చూపిస్తుంది.

పట్టిక నిండాక ప్రతి తీర్మానం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: రుజువైంది, బహుశా, ఊహ. ధ్వనులూ పాత ప్రయోగమూ రెండూ కలిస్తేనే మొదటిది. ధ్వనులు కలిసి ప్రయోగం దొరక్కపోతే రెండోది. అర్థం మాత్రమే కలిస్తే అది మూడోదే, ఎంత అందంగా ఉన్నా.

మొదటి ప్రయత్నానికి ‘సంసారం’ తీసుకోవచ్చు. సంస్కృతంలో జనన మరణ చక్రం, హిందీలో లోకం, తెలుగు, బెంగాలీల్లో కుటుంబ జీవితం, తమిళంలో భార్య. ఇంతవరకు వంతెనలు తేలిగ్గానే పడతాయి. మలయాళంలో మాత్రం ‘సంసారం’ అంటే మాట్లాడుకోవడం. అక్కడికి వంతెన ఏ వాక్యంలో పడిందో పాత మలయాళ ప్రయోగాల్లో వెతికి పట్టుకోవాలి, గుండర్ట్ నుంచి మొదలుపెట్టండి.